ఎవరి చేతిలో ఉంది

దిండు గలీబు మూలలు రెండూ పట్టుకుని ఒక్క దులుపు దులిపి తీగ మీద వేసింది బుల్లి. తడిగుడ్డ కాసేపు బరువుగా వేలాడి, తర్వాత మెల్లగా పొట్ట ఉబ్బించుకుని మెట్ల వైపు తిరిగింది. క్లిప్పు పళ్ళ మధ్య పట్టుకునే దాన్ని చూసింది. రెండో గలీబూ మెట్ల వైపే తిరిగింది. అంటే గాలి రైలుకట్ట వైపు నుంచి వస్తోంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి. ఈ రోజు గోదాముల మీదుగా వచ్చి, రైలుకట్ట వైపు ముఖం పెట్టి దిగాలన్నమాట.

బావ పళ్ళు తోముకుంటూ డాబా మెట్ల మీదికొచ్చాడు. నోటి నిండా నురగ.

"ఏమంటున్నాయి మీ గలీబులు?"

"రైలుకట్ట వైపు లెమ్మంటున్నాయి బావా."

"విన్నావుటే!" అని కిందికి కేకేశాడు బావ. "మీ చెల్లెలు ఇంట్లో మనుషులతో పలకదు గానీ గలీబులతో మాట్లాడుతుంది!"

"గలీబులు ఎదురు చెప్పవు కాబట్టి!" కింద నుంచి అక్క గొంతు వచ్చింది. "ఆ కబుర్లు కట్టిపెట్టి, పంపులో నీళ్ళుండగానే స్నానం కానివ్వండి."

బుల్లి అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. ఇప్పుడు మనిషి అక్కకంటే జానెడు పొడుగు. పేరు మాత్రం పెరగలేదు. అక్క పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "పొద్దస్తమానం ఊళ్ళో వాళ్ళందరి చేతా నోరు తెరిపిస్తాను, మా చెల్లెలి చేత తెరిపించడం మాత్రం నా తరం కాలేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. బావది రంగుల దుకాణంలో పని. ఏది చూసినా ఆయనకి డబ్బా మీది రంగు పేరే గుర్తొస్తుంది.

"మరదలా, గురువారం ఆకాశం ఏ రంగులో ఉండాలో ఇప్పుడే చెప్పు. కలిపించి ఉంచుతాను."

బుల్లి నవ్వింది. గురువారం ఆమెను ఒంటరిగా పైకి పంపిస్తానన్నాడు, విమానం నడపడం నేర్పే సారు. పక్కసీటు ఖాళీ. లేవడం, మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరగడం, దిగడం. అంతే. కానీ ఆ ఒక్క చుట్టు తిరిగినవాళ్ళ ఫొటో శిక్షణ గది గోడ మీదికెక్కుతుంది. అటుపైన ఎవరూ వాళ్ళని కొత్తవాళ్ళనరు. బుల్లితో పాటు చేరినవాళ్ళలో సగం మంది అప్పటికే గోడెక్కారు.

ఖాళీ బకెట్టు బోర్లించి, చేతులు చున్నీకి తుడుచుకుని మెట్లు దిగింది.

*

విమానం రెక్క కింద వంగి, చిన్న గాజుగొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి వెలుతురుకెత్తి చూసింది. అడుగున నీటిబొట్టు లేదు. రెండో రెక్క కిందికి నడిచింది. చక్రాల గాలి నొక్కి చూసింది. తోక దగ్గర పలకని పైకీ కిందికీ ఆడించి, దాని కీలుకున్న చీల మీద వేలు పెట్టి తడిమింది.

సారు షెడ్డు నీడలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

"నత్తా! పెళ్ళికొడుకుని చూసినట్టు ఎంతసేపు చూస్తావమ్మా దాన్ని? నిన్న ఎగిరిందేగా!"

'నిన్న ఎగిరింది నిన్నటి పెట్రోలుతో కదా' అనుకుంది బుల్లి. పైకి అనలేదు. ఆ మైదానంలో ఆమె పేరు నత్త. పెట్టింది సారే. అందరికీ ఒక్కో పేరు పెడతాడాయన, పెట్టించుకున్న వాళ్ళే ముందు నవ్వుతారు. ఆయన దగ్గర నేర్చుకోవాలని పిల్లలు ఎగబడతారు. కేకలేయడు, తప్పులెంచడు, అందరికంటే ముందు ఒంటరిగా వదులుతాడు. పెద్ద మేడమ్ దగ్గర పడ్డవాళ్ళు మాత్రం "మా ఖర్మ" అనుకుంటూ తిరుగుతుంటారు.

పెద్ద మేడమ్ శిక్షకులందరికీ పైన. శిక్షణ గది గోడ మీద ఎర్రరంగుతో ఒక నియమం రాయించింది ఆవిడే. విమానంలో ఇద్దరి ముందూ చెరో స్టిక్, అంటే నడిపే కర్ర, ఉంటుంది. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. అందుకని నడపడం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినప్పుడల్లా మూడు మాటలు పైకి అనాలి. "నీకిస్తున్నా." "తీసుకున్నా." "ఇక నీదే." రెండో మాట విని, మూడో మాట అనేదాకా మొదటివాడు చెయ్యి తియ్యకూడదు.

"మన మధ్య ఆ మంత్రాలెందుకు నత్తా? చేతికి చెయ్యి తెలియదా?" అన్నాడు సారు మొదటి రోజునే. నిజమే, తెలిసేది. దిగే వేళకి స్టిక్ కొంచెం బిగిసినట్టవుతుంది. అంటే సారు రెండు వేళ్ళు ఆనించాడన్నమాట. బుల్లి తన పట్టు సడలిస్తుంది. విమానం పిల్లిలా నేల మీద వాలుతుంది. "చూశావా, ఎంత మెత్తగా దింపావో!" అంటాడు సారు. మెచ్చుకున్నాక కాదనడం బుల్లికి చేతకాదు.

ఆ రోజు రెండు చుట్లు బాగానే అయ్యాయి. మూడో చుట్టులో గోదాముల దగ్గర మలుపు తిరిగి, రన్‌వేకి ఎదురుగా వచ్చేసరికి సారు జేబులో ఫోను గుర్రుమంది. తీశాడు. చూశాడు. నవ్వుకున్నాడు. రెండు బొటనవేళ్ళతో ఏదో రాయడం మొదలుపెట్టాడు.

బుల్లి రెక్కల వెనక పలకలు దించింది. అవి దిగినప్పుడు ముక్కు పైకి లేవాలని చూస్తుంది. లేవకుండా స్టిక్‌ని ముందుకి నొక్కి పట్టుకోవాలి. పట్టుకుంది. అంతలో స్టిక్ బిగిసింది. అలవాటు ప్రకారం బుల్లి చెయ్యి సడలించి, ఒళ్ళో పెట్టుకుంది.

రన్‌వే తెల్లగీతలు ఎదురుగా వస్తున్నాయి. గోదాము రేకుల మీద ఎవరో మిరపకాయలంత ఎర్రటి దుప్పటి ఆరేశారు. అది కనబడింది. తర్వాత కనబడలేదు. విమానం ముక్కు దాన్ని కప్పేసింది. కప్పకూడదే అనుకుంది. గాలి చప్పుడు పలచబడింది. మరుగుతున్న గిన్నె కింద మంట తగ్గించినట్టు. వేగం ముల్లు వంక చూసింది. వెనక్కి జారుతోంది. పక్కకి చూసింది.

సారు చేతులు రెండూ ఫోను మీదే ఉన్నాయి. స్టిక్‌ని ఎవరూ పట్టుకోలేదు.

వేగం మరీ పడిపోతే మోగే హెచ్చరిక బూర సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. బుల్లి స్టిక్ ముందుకి తోసింది. రెండో చేత్తో, ఇంజను జోరు పెంచే థ్రాటిల్ పూర్తిగా నొక్కింది. సీటు కింద నుంచి నేల లాగేసినట్టయింది. గోదాము రేకుల మేకులు కూడా కనబడ్డాయి. ఇంజను గట్టిగా అరిచింది, గాలి చప్పుడు తిరిగొచ్చింది. బూర నోరు మూసింది. విమానం రన్‌వే పొడుగునా ఎగిరి మళ్ళీ పైకి లేచింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు సారు. ఫోను ఆయన కాళ్ళ దగ్గర పడింది.

"మీ దగ్గర ఉందనుకున్నా సార్."

"నేను నీ దగ్గర ఉందనుకున్నా!"

ఫోనులో రాసుకోవడానికి కాలు మీద కాలు వేసుకోబోతే ఆయన మోకాలు స్టిక్‌కి ఆనింది. అంతే జరిగింది. ఆయన పకపకా నవ్వాడు.

"పిల్లాడు నాన్న దగ్గర ఉన్నాడని అమ్మా, అమ్మ దగ్గర ఉన్నాడని నాన్నా... వాడేమో నడివీధిలో! భలే పట్టుకున్నావ్ నత్తా. ఇలాంటివి జరగాలి, జరిగితేనే నేర్చుకుంటారు. గురువారం నిన్ను నిశ్చింతగా వదిలేయొచ్చు."

బుల్లి కూడా నవ్వాలని చూసింది. పెదాలు ఎండిపోయి పళ్ళకి అతుక్కున్నాయి.

*

సాయంత్రం ఆరిన బట్టలు మంచం మీద కుప్ప పోసి, అక్కా చెల్లెలూ చెరోవైపు కూర్చుని మడతపెడుతున్నారు. దుప్పటి నాలుగు మూలలూ కలిపాక బుల్లి చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి దుప్పటి అలాగే ఇద్దరి చేతుల మధ్య ఉండిపోయింది.

"ఫోను చూస్తున్నాడా? పైన?" అంది అక్క.

"ఊఁ."

"మా డాక్టరు పన్ను పీకుతూ ఫోను చూస్తే ఆ ఫోను పీకి పారేస్తాను నేను."

బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆయన మొహంలో వెలుగు తగ్గింది గానీ మాట మాత్రం ఆచితూచి అన్నాడు. "చేసింది తప్పే. కాదనను. కానీ గురువారం ఎంతో దూరం లేదు బుల్లీ. ఒక్కసారి ఒంటరిగా వెళ్ళొచ్చాక మారొచ్చుగా? ఒడ్డుకొచ్చే ముందు పడవ మారడం ఎందుకు?"

"పడవలో చిల్లుంటే?" అంది అక్క.

"చిల్లుందని నువ్వంటున్నావు. బుల్లికి గోడ మీద ఫొటో కావాలి."

ఇద్దరూ బుల్లి వంక చూశారు. ఆమె దుప్పటి మడత పూర్తి చేసి, అరచేత్తో సాపు చేసింది. ఫొటో కావాలి. బావ అన్నది అబద్ధం కాదు. కానీ ఆ బూర ఏడుపు చెవిలోంచి పోవడం లేదు. దానికంటే ఎక్కువగా సారు నవ్వు పోవడం లేదు. తనకి బదులు ఇంకొకరెవరైనా ఆ సీట్లో ఉంటే, వాళ్ళు మరికాసేపు ఎర్రదుప్పటినే చూస్తూ ఉండిపోతే?

"రేపు పెద్ద మేడమ్‌కి చెబుతాను" అంది.

"చెప్పగలవా?" అన్నాడు బావ.

"ఇప్పుడు మీకు చెప్పలేదూ?"

అక్క చేతిలో చొక్కా గాల్లోనే ఆగింది. "చూశారా? నోరు తెరిచింది" అని మొగుడి వంక గర్వంగా చూసింది.

*

పెద్ద మేడమ్ గదిలో కూర్చోడానికి ఒక్క కుర్చీయే ఉంది, అది ఆవిడది. బుల్లి నిలబడే చెప్పింది. మేడమ్ కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడుస్తూ వింది. 

"ఈ మాట ఆయన ఎదురుగా కూడా చెబుతావా?"

"చెబుతాను మేడమ్."

"ఇంకో శిక్షకుడు కావాలంటున్నావు. ఖాళీగా ఉన్నది నేనే. సంగతి తెలుసుగా? ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు నవ్వుకుంటూ దిగుతారు. నా దగ్గరివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ దిగుతారు. గురువారం మాట మరిచిపో. నేను చూసి, సరేనన్నప్పుడే."

బుల్లి తల ఊపింది.

"తల ఊపితే నాకు వినపడదు."

"సరే మేడమ్."

"రేపు పొద్దున్న. ఆలస్యంగా వస్తే నేనుండను."

మర్నాడు బుల్లి గాజుగొట్టం వెలుతురుకెత్తి చూస్తుంటే మేడమ్ పక్కన నిలబడి తనూ చూసింది. తొందరపెట్టలేదు. చీలలన్నీ తడిమి వచ్చాక "ఎడమ తలుపు గొళ్ళెం చూడలేదు" అంది. బుల్లి వెళ్ళి చూసింది.

పైకి లేచాక మేడమ్ మూడు మాటల్లో తన వంతువి పెళ్ళిలో పేర్లు పిలిచినంత గట్టిగా అంది. తర్వాత చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బుల్లికి అది వింతగా అనిపించింది. గోదాములు, మలుపు, పలకలు. ముక్కుని నొక్కి పట్టుకుంది. రన్‌వే దగ్గరికొచ్చింది. స్టిక్ బిగుసుకుంటుందని చేతులు ఎదురుచూశాయి. బిగుసుకోలేదు.

నేల ఉన్నట్టుండి పైకి లేచొచ్చింది. బుల్లి స్టిక్ లాగింది. విమానం బంతిలా ఎగిరి, కింద పడి, మళ్ళీ ఎగిరింది.

"నాకివ్వు!" "తీసుకోండి!" "ఇక నాదే!" మేడమ్ చేతులు తొడల కింద నుంచి ఎప్పుడొచ్చాయో తెలియలేదు. మళ్ళీ పైకి లేపింది. కాస్త ఎత్తుకెళ్ళాక తిరిగి బుల్లికిచ్చి, చేతులు యథాస్థానంలో పెట్టుకుంది.

రెండోసారి భయపడి బాగా ముందే లాగింది. విమానం రన్‌వే మీద తేలుతూ, తేలుతూ, సగం దాటినా కిందికి దిగనని మొరాయించింది. మూడోసారి ఒక చక్రం మీద దబ్బున పడింది. ఇన్నాళ్ళూ పిల్లిలా వాలిన విమానం ఇదేనా?

విమానాన్ని పక్కకి తీసి ఆపాక, ఇంజను చప్పుడు మీదుగా మేడమ్ అడిగింది. "ఇంతకుముందు ఎవరు దింపేవారు?"

"నేనే అనుకున్నాను మేడమ్."

మేడమ్ ఆమె వంక చూసింది. తిడుతుందనుకుంది బుల్లి. మేడమ్ తిట్టలేదు. ఎదురుగా రన్‌వే చివర కనబడుతున్న రైలుకట్ట వంక చూస్తూ, "గురువారం వెళ్ళి ఉంటే..." అని ఆగిపోయింది. "రన్‌వే ఈ మొదలు చూడకు. ఆ చివర చూడు. నేల తనంతట తానే చెబుతుంది ఎప్పుడు లాగాలో. మళ్ళీ."

మళ్ళీ లేచారు. మళ్ళీ పడ్డారు. అలా ఎండెక్కేదాకా. చివరిసారి బుల్లి రైలుకట్టనే చూస్తూ, చేతికి ఏమనిపిస్తే అది చేసింది. దించిన బస్తాలా దడాలున పడింది విమానం. కానీ ఒక్కసారే పడింది, ఎగరలేదు. రెండు చక్రాలూ కలిసే నేలని తాకాయి. మేడమ్ చేతులు తొడల కిందే ఉన్నాయి. బుల్లి పక్కకి తిరిగి మరీ చూసింది.

"ఎలుగుబంటి దిగినట్టుంది" అంది మేడమ్.

బుల్లికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. ఎలుగుబంటయితేనేం, తన ఎలుగుబంటి. విమానం గాలికి కదలకుండా రెక్కకి తాడు కట్టి ముడి బిగిస్తున్నంతసేపూ నవ్వు వస్తూనే ఉంది. ఇంటికెళ్ళి "గురువారం లేదు, మొదటి నుంచీ నేర్చుకోవాలట" అని చెబితే, మొహం మాత్రం పండగలా ఉందేమిటని బావ ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

*

గురువారం పొద్దున్న ఎవరో తలుపు తట్టారు. అక్క తీసింది. సారు. చేతిలో పళ్ళ సంచీ, మొహం నిండా నవ్వు.

"నత్త ఇల్లిదేనా అమ్మా? గుల్ల కనబడటం లేదు, అందుకని అడిగాను."

బావకి ఆ మాట నచ్చింది. దుకాణానికి వెళ్ళబోతున్నవాడు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అక్క మాత్రం పళ్ళ సంచీ అందుకోకుండా బల్ల మీద పెట్టమంది. బుల్లి టీ తెచ్చిచ్చింది. సారు గది గోడల్ని చూసి "ఈ రంగు ఎక్కడ దొరికింది బావగారూ, కళ్ళు చల్లబడ్డాయి" అన్నాడు. దాని పేరేమిటో బావ చెప్పాడు. సారు రెండు జోకులు వేశాడు. బావ రెండింటికీ నవ్వాడు. అక్క ఒకదానికి నవ్వి, నవ్వినందుకు తన మీద తనే విసుక్కుంది.

"మీ చెల్లెలు బంగారమమ్మా" అన్నాడు సారు. "నోట్లో నాలుక లేని పిల్ల."

"ఉంది సార్. ఊరికే వాడదు" అంది అక్క.

సారు టీకప్పు అటూ ఇటూ తిప్పాడు. గొంతు కాస్త తగ్గింది. "ఇదిగో చూడమ్మా నత్తా. రేపు మేడమ్ మనిద్దర్నీ కూర్చోబెట్టి అడుగుతుందట. అడిగితే, వేళలు కుదరక మారానని చెప్పు. ఫోను మాట వదిలెయ్. ఇద్దరం పొరబడ్డాం, ఇద్దరం క్షేమంగా ఉన్నాం. ఎవరికేం నష్టం? నా దగ్గరికి వచ్చెయ్. మేడమ్ దగ్గర ఇంకెన్నాళ్ళు దేకుతావు? ఈ వారంలోనే నిన్ను ఒంటరిగా పంపిస్తాను. నీ ఫొటో నేనే తీస్తాను."

బావ బుల్లి వంక చూశాడు. ఆయన చూపు 'ఇంత దూరం వచ్చి అడుగుతున్నాడు, పోనీలే' అన్నట్టుంది. అక్క తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకుంది.

గోడ మీద ఫొటో బుల్లికి కనబడింది. చేతులు చాపి రెక్క పక్కన నిలబడ్డ తను. అందులో ఎండ కూడా కనబడింది. మేడమ్ దగ్గర ఇంకా ఎన్ని వారాలో. సారు చెడ్డవాడు కాదు. ఈ నాలుగు మాటలు మింగితే అందరూ నవ్వుతూనే ఉంటారు.

"సార్, ఒకటి అడగనా?"

"పది అడుగు."

"మీతో ఎన్నోసార్లు దిగాను కదా. వాటిలో నేను దింపింది ఒక్కటైనా ఉందా?"

"అన్నీ నువ్వేగా దింపింది!"

"మీ వేళ్ళు ఆనకుండా, సార్."

సారు నవ్వబోయాడు. పెదాలు జోకు కోసం సిద్ధంగా విచ్చుకున్నాయి. అది రాలేదు. కప్పు చుట్టూ ఉన్న తన వేళ్ళ వంక చూసుకున్నాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడని బుల్లికి అర్థమైంది. నిజంగానే వెతుక్కుంటున్నాడు. ఎక్కడ ఆనించాడో, ఎక్కడ తీశాడో, ఎప్పుడు కిటికీలోంచి చూశాడో, ఎప్పుడు ఫోను చూశాడో. ఆయనకే తెలియదు.

"నిన్న మేడమ్ చేతులు తీసి కూర్చుంటే తెలిసింది సార్, నాకు దింపడం రాదని. రేపు మేడమ్ అడిగితే జరిగిందే చెబుతాను" అంది బుల్లి. గొంతులో కోపం లేదు. టీలో పంచదార సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. "ఈ రోజు గురువారం. మీరన్నట్టు నేను ఒంటరిగా పైకెళ్ళి ఉంటే, ఎవరు దింపేవారు?"

బావ బిస్కెట్ల పళ్ళెం ముందుకి జరపబోయి ఆగిపోయాడు.

సారు కప్పు బల్ల మీద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. లేచాడు. గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కున్నాడు. ఒక లేసు కట్టాడు, రెండోది కూడా నెమ్మదిగా, బిగించి కట్టాడు. తల ఎత్తి బుల్లి వంక ఒక్కసారి చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసి గానీ వెళ్ళని మనిషి, గుమ్మం మెట్లు దిగి వెళ్ళిపోయాడు.